ఉత్తర్వు చేతికొచ్చాక: గృహహింస చట్టంలో ఉల్లంఘన ప్రశ్న



తెలుగువాళ్ల సభలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి కొత్తగా చెప్పడం కష్టం. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో, ప్రదర్శనశాల ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చాకే లోపలికి పోనిచ్చింది. ఈ కథ చిన్నప్పటి పాఠాల్లోనే అందరూ చదివారు. అంతగా చెప్పుకోనిది ఆమె పెళ్లి కథ. ఎనిమిదేళ్ల వయసులో జరిగిన పెళ్లిని, ఊహ తెలిశాక కాపురంగా మార్చుకోనని ఆమె తేల్చి చెప్పారు. ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, విశాఖలో చదువు, 1942లో మద్రాసులో లా పట్టా, అక్కడి హైకోర్టులో ప్రాక్టీసు, రాజ్యాంగ సభలో సభ్యత్వం.

ఈనాటి విషయానికి దగ్గరగా వచ్చేది 1953 నాటి చైనా పర్యటన. అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చాక, అలాంటివి మనకూ కావాలని ఆమె జస్టిస్ చాగ్లాతో, జస్టిస్ గజేంద్రగడ్కర్‌తో, నెహ్రూతో చర్చించారు. ఆమె 1981లో కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఇంటి గొడవతో వచ్చిన మనిషిని కోర్టు ఎలా చూడాలన్నది ఆమె వేసిన ప్రశ్న. అలా వచ్చిన స్త్రీకి కోర్టు ఒక కాగితం ఇచ్చి పంపాక ఏం జరుగుతుందన్నది ఈ ఉపన్యాసం వేసుకునే ప్రశ్న.

1

భర్త కొట్టాడని స్టేషన్‌కు వచ్చిన స్త్రీ ముందు మన చట్టం రెండు దారులు పెట్టింది. మొదటిది 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498-ఎ. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. నంబరు మారినా కోర్టు ఆవరణలో ఎవరి నోట విన్నా ఇంకా ‘ఫోర్ నైంటీ ఎయిటే’. భర్తగానీ అతని బంధువులుగానీ క్రూరత్వానికి పాల్పడితే మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది జరిగిపోయినదానికి శిక్ష వేసే దారి.

రెండోది జరగబోయేదాన్ని ఆపే దారి. దానికోసం స్త్రీ సంఘాలు, మహిళా న్యాయవాదులు 1990ల నుంచీ పోరాడారు. 2002లో ప్రభుత్వం లోక్‌సభలో పెట్టిన మొదటి బిల్లు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ‘అలవాటుగా’ కొడితేనే అది హింస అట. తన ఆస్తిని కాపాడుకోవడానికి చెయ్యిచేసుకున్నానని భర్త చెబితే అది హింస కాదట. ఆ బిల్లు మీద గట్టిగా నిరసనలు వచ్చాయి. చివరకు 2005లో గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం ఆమోదం పొందింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం కట్టుబడిలో ఒక విశేషం ఉంది. కొట్టడం, తిట్టడం, జీతం లాక్కోవడం, ఇంట్లోంచి గెంటడం, ఇవన్నీ హింసేనని మూడో సెక్షన్‌లో విడమరిచి చెప్పింది. కానీ ఈ చట్టం కింద వాటిలో ఏదీ నేరం కాదు. బాధితురాలు మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్తుంది, ఆయన ‘ఇక మీద ఇలా చెయ్యకు’ అని ఉత్తర్వు ఇస్తాడు. ఆ ఉత్తర్వును కాదంటే అప్పుడు నేరం. సెక్షన్ 31 ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ నేరం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్. బాధితురాలి సాక్ష్యం ఒక్కదాని మీదే కోర్టు నేరం జరిగిందని తేల్చవచ్చు.

అంటే పార్లమెంటు ఇక్కడ శిక్షను దెబ్బ మీద పెట్టలేదు, ధిక్కారం మీద పెట్టింది. మగవాడికి జైలుకు ముందు ఒక అవకాశం ఇచ్చింది. ఆడమనిషికి కాపురం పోలీసు కేసుగా మారకుండానే రక్షణ దొరికే వీలు కల్పించింది. ఈ నిర్మాణమంతా ఒకే ఒక్క స్తంభం మీద నిలబడింది. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏదో ఒకటి జరగాలి. ఆ స్తంభాన్నే మనం పట్టించుకోలేదు. ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది అదే.

2

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. గృహహింస చట్టం కింద వేసే కేసు, కోర్టు వాడుకలో డి.వి.సి., సివిలా, క్రిమినలా?

వినేది క్రిమినల్ కోర్టు మేజిస్ట్రేట్. అడిగేవి మనోవర్తి, నివాసం, పిల్లల కస్టడీ, నష్టపరిహారం. సమన్లు అందిన అత్తగారు ‘నా మీద క్రిమినల్ కేసు పెట్టింది’ అని వీధి వీధంతా చెబుతుంది. ఆమె తప్పేమీ లేదు, చాలాకాలం కోర్టులూ అలాగే నడిపాయి. వాయిదాకు రాకపోతే వారంట్, ప్రతి వాయిదాకు ముసలి మామగారు బస్సెక్కి రావడం.

2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు దీన్ని సరిచేసింది. ఈ చట్టం ఇచ్చే ఉపశమనాలు సివిల్ స్వభావం గలవి. కాబట్టి ప్రతి వాయిదాకూ పార్టీలు రావాలని మేజిస్ట్రేట్ పట్టుబట్టకూడదు, నోటీసు అందినా రాకపోతే ఎక్స్‌పార్టీగా విచారించి ఉత్తర్వు ఇవ్వవచ్చు, అసాధారణ సందర్భాల్లోనే బలవంతపు చర్యలకు దిగాలి అన్నది. తమను అనవసరంగా ఇరికించారంటూ కేసు కొట్టేయించుకోవడానికి వేసే క్వాష్ పిటిషన్లు కూడా సాధారణంగా చెల్లవన్నది. మన రెండు రాష్ట్రాల మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఏళ్లతరబడి వినిపించిన తీర్పు ఇది.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ గీతను ఇంకాస్త స్పష్టంగా గీసింది. జస్టిస్ లలిత్, జస్టిస్ పి.ఎస్. నరసింహ ధర్మాసనం ముందుకొచ్చిన ప్రశ్న కాలపరిమితి. హింస జరిగిన ఏడాది లోపే దరఖాస్తు పెట్టాలా? అక్కర్లేదన్నారు. సెక్షన్ 12 కింద వేసే దరఖాస్తు నేరం మీద ఫిర్యాదు కానేకాదు. నేరం పుట్టేది ఉత్తర్వు ఉల్లంఘనతో. కాలపరిమితి లెక్క కూడా అక్కడి నుంచే.

క్వాష్ విషయంలో మాత్రం కథ మళ్లీ మలుపు తిరిగింది. 2025 మేలో జస్టిస్ ఓకా, జస్టిస్ భూయాన్ ధర్మాసనం, హైకోర్టుకు ఆ అధికారం ఉందనీ, అయితే చాలా జాగ్రత్తగా, అరుదుగా వాడాలనీ చెప్పింది. తాను బొంబాయి హైకోర్టులో ఉండగా 2016లో ఇందుకు విరుద్ధమైన తీర్పులో భాగమైన సంగతి జస్టిస్ ఓకా ఆ తీర్పులోనే ప్రస్తావించారు. విద్యార్థులు ఈ భాగం తప్పక చదవాలి, పరీక్షలో రాకపోయినా సరే.

తేలేది ఇది: ఉత్తర్వు వచ్చేదాకా సివిల్, ఉల్లంఘన జరిగిన క్షణం నుంచి క్రిమినల్.

3

ఇప్పుడు ఆ ఉత్తర్వులో ఏం రాస్తున్నారో చూద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

చాలా డి.వి.సి. దరఖాస్తుల్లో మనోవర్తికి పేజీలకు పేజీలు ఉంటాయి. పెళ్లిలో ఇచ్చిన బంగారం గ్రాములతో సహా, ఆడపడుచు లాంఛనాలతో సహా ఉంటుంది. రక్షణ దగ్గరకు వచ్చేసరికి ఒకే వాక్యం: ప్రతివాదులు గృహహింసకు పాల్పడరాదని ఆదేశించవలసిందిగా ప్రార్థన. మేజిస్ట్రేట్ ఆ వాక్యాన్నే ఉత్తర్వులోకి దించుతాడు. మూడు నెలల తర్వాత భర్త ఆమె పనిచేసే స్కూలు గేటు ముందు గంటసేపు నిలబడి వెళ్తాడు, ఒక్క మాట కూడా అనడు. ఇది ఉల్లంఘనా? స్టేషన్‌లో రైటర్‌కు తెలియదు. ఎస్.ఐ.కీ తెలియదు. ‘కోర్టులోనే చెప్పుకోమ్మా’ అంటారు. ఆ ఒక్క వాక్యం చదివితే ఎవరికైనా అంతకన్నా తెలియదు.

సెక్షన్ 18 తెరిచి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ చట్టం ఒక జాబితాయే ఇచ్చింది. బాధితురాలు ఉద్యోగం చేసేచోట అడుగు పెట్టరాదు. పిల్లల బడికి వెళ్లరాదు. స్వయంగా, ఉత్తరంగా, ఫోనులో, ఏ రూపంలోనూ సంప్రదించరాదు. ఆస్తులు అమ్మరాదు, బ్యాంకు లాకర్లు, ఖాతాలు కదిలించరాదు, స్త్రీధనం కూడా అందులోకే వస్తుంది. ఆమె మీద ఆధారపడినవాళ్ల మీద, బంధువుల మీద, ఆమెకు సాయం చేసినవాళ్ల మీద హింసకు దిగరాదు. ఇవిగాక ఆ కేసుకు తగిన మరే నిషేధమైనా మేజిస్ట్రేట్ రాయవచ్చు. ‘ఫలానా స్కూలు గేటుకు ఇంత దూరంలోకి రాకూడదు’ అని ఉత్తర్వులో ఉంటే, గేటు ముందు నిలబడ్డ భర్త అరవాల్సిన పనిలేదు, కొట్టాల్సిన పనిలేదు. నిలబడటమే నేరం. రుజువుకు స్కూలు వాచ్‌మన్ చాలు.

రక్షణ ఉత్తర్వు బలం న్యాయమూర్తి కోపంలో లేదు, దాని వ్యాకరణంలో ఉంది. ఎవరు, ఎక్కడికి, ఎవరిని, ఏ విధంగా అనే నాలుగింటికి జవాబు లేని ఉత్తర్వును ఉల్లంఘించడం అసాధ్యం. ఉల్లంఘించలేని ఉత్తర్వు రక్షించనూ లేదు.

దీనికి ఇంకో చిక్కు తోడైంది. సెక్షన్ 31 ‘రక్షణ ఉత్తర్వు’ అనే మాట వాడింది. మనోవర్తి ఇవ్వమన్న ఉత్తర్వు ఇచ్చాక భర్త ఎగ్గొడితే, అదీ ఈ నేరమేనా? కాదని 2022లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. సెక్షన్ 18 కింద ఇచ్చిన ఉత్తర్వుల ఉల్లంఘనకే శిక్ష వర్తిస్తుందని, డబ్బు వసూలుకు వేరే పద్ధతులున్నాయని దాని తర్కం. ఆ తర్కం అక్షరాల వరకు సరైనదే. డబ్బు ఆపేయడం కూడా ఆర్థిక హింసేనని చట్టమే చెబుతున్నప్పుడు, ఆ నిషేధాన్ని కూడా సెక్షన్ 18 కిందే స్పష్టంగా అడిగి రాయించుకోవాలన్నది లాయర్లు దాన్నుంచి నేర్చుకోవలసిన పాఠం. భర్త ఉద్యోగి అయితే జీతంలోంచే నేరుగా కట్టించమని యజమానిని ఆదేశించే అధికారం సెక్షన్ 20లో ఉంది. అది అడిగేవాళ్లు ఎందుకు ఇంత తక్కువో అర్థం కాదు.

4

ఇల్లు ఎవరిది అనే గొడవ మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, అది చాలావరకు తేలిపోయింది. అత్తగారి పేరున ఉన్న ఇల్లు కోడలికి ‘ఉమ్మడి నివాసం’ కాదన్న 2006 నాటి తీర్పును, జస్టిస్ అశోక్ భూషణ్, మన మెదక్ ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా 2020 అక్టోబరులో తోసిపుచ్చారు. కాపురమున్న ఇల్లు మామగారిదైనా అందులో ఉండే హక్కు ఆమెకు ఉంటుంది, అయితే వృద్ధుల ప్రశాంతతను కూడా కోర్టు తూచాలి అన్నారు. వయోవృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టి కోడలిని గెంటేయడం కుదరదని అదే ఏడాది డిసెంబరులో ఇంకో ధర్మాసనం చెప్పింది. అత్తలూ ఆడపడుచులూ కూడా ప్రతివాదులు కావచ్చని 2016లోనే తేలింది. కానీ ఇల్లు ఖాళీ చేసి వెళ్లమనే ఉత్తర్వు మాత్రం ఏ స్త్రీ మీదా ఇవ్వకూడదు, చట్టంలోనే ఉన్న మినహాయింపు అది.

5

ఇక లెక్కలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో భర్త చేతి హింసను ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. ‘ఎవరినైనా’ అంటే అందులో అమ్మ కూడా ఉంది, అన్న కూడా ఉన్నాడు.

2022లో దేశవ్యాప్తంగా 498-ఎ కింద నమోదైన కేసులు లక్షా నలభై వేలు. అదే ఏడాది గృహహింస చట్టం కింద నేరాలుగా, అంటే ప్రధానంగా ఉత్తర్వుల ఉల్లంఘనగా నమోదైనవి ఐదు వందల లోపే.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉత్తర్వులను దేశంలో మగవాళ్లంతా బుద్ధిగా పాటిస్తున్నారని ఈ సభలో ఎవరైనా నమ్మితే చెయ్యెత్తవచ్చు. ఎత్తరని తెలుసు. ఉల్లంఘనలు జరుగుతున్నాయి, కేసులవడం లేదు. కేసు కాని ఉత్తర్వు మీద స్త్రీకి నమ్మకం పోతుంది. ఆమె లాయరు, ఆమె అన్నయ్య, ఆమె ఊరి పెద్దలు అంతా ‘ముందు ఫోర్ నైంటీ ఎయిట్ పెట్టు, దెబ్బకు దిగొస్తారు’ అంటారు. హెచ్చరికగా మొదలుకావలసిన గొడవ నేరంగా మొదలవుతుంది. భర్తతోపాటు అత్త, మామ, వేరే ఊళ్లో ఉన్న ఆడపడుచు, ఆమె భర్త అందరి పేర్లూ ఎఫ్.ఐ.ఆర్.లోకి ఎక్కుతాయి.

దానికి కోర్టుల ప్రతిస్పందన కూడా ఊహించదగిందే. 2014లో అరెస్టుకు ముందు కారణాలు రాయాలని, నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2017లో ఫిర్యాదులను ముందు కుటుంబ సంక్షేమ కమిటీలు చూడాలన్నది, 2018లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కమిటీలను తీసేసింది. 2025 జులైలో మళ్లీ అలాంటి కమిటీలు, రెండు నెలల ‘చల్లబడే’ గడువు ఉన్న అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలు అమల్లోనే ఉండాలని ఇంకో ధర్మాసనం చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును కొట్టేస్తూ జస్టిస్ నాగరత్న ధర్మాసనం 2024 డిసెంబరులో, నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా అత్తింటివాళ్లందరినీ లాగడాన్ని తప్పుబట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయితే 2003లోనే 498-ఎను కోర్టు అనుమతితో రాజీ పడదగిన నేరంగా మార్చుకుంది. రాజీ కోరాక కనీసం మూడు నెలలు ఆగాలన్న షరతు కూడా పెట్టింది.

ఆ సెక్షన్ దుర్వినియోగమవుతోందా లేదా అని టీవీల్లో ఏళ్లుగా వాదించుకుంటున్నారు. రెండు పక్షాలూ ఒక సంగతి వదిలేస్తున్నాయి. శిక్షకు ముందు మెట్టుగా కట్టిన రక్షణ ఉత్తర్వు పనిచేసి ఉంటే, ఈ లక్షా నలభై వేలలో ఎన్నో కేసులు అక్కడిదాకా వచ్చేవి కావు. వచ్చినవి గట్టిగా నిలబడేవి. ఎందుకంటే సెక్షన్ 31లోనే మూడో ఉపవిభాగం ఉంది: ఉల్లంఘన మీద అభియోగం మోపేటప్పుడు, వాస్తవాలు కనబడితే 498-ఎ కింద, వరకట్న నిషేధ చట్టం కింద కూడా అభియోగాలు చేర్చవచ్చు. అప్పుడు ‘అస్పష్టమైన ఆరోపణలు’ అనే మాటకు తావుండదు. తేదీ వేసి, సంతకం పెట్టి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఫైల్లో ఉంటుంది, దాన్ని ఎవరు ఏ రోజు మీరారో ఉంటుంది.

6

మన పిల్లలు కాపురాలు చేస్తున్న అమెరికాలో ఈ తర్కం ఎంతదూరం వెళ్లిందో చెప్పాలి. ఈ సభలో కనీసం సగం ఇళ్లకు అది పనికొచ్చే సంగతే.

టెక్సాస్‌లో రక్షణ ఉత్తర్వుల మీద ఒక హెచ్చరిక ఉండాలని అక్కడి చట్టం నిర్దేశించింది. దాని సారం: ఈ ఉత్తర్వును పట్టించుకోవద్దని ఎవరికైనా అనుమతి ఇచ్చే హక్కు ఎవరికీ లేదు, దీనివల్ల రక్షణ పొందుతున్న మనిషికి కూడా లేదు. మార్చగలిగేది కోర్టొక్కటే. అంటే భార్యే ఫోన్ చేసి ‘ఇంటికి రా, మాట్లాడుకుందాం’ అన్నా, వెళ్లిన భర్త నేరస్తుడే. కేసు నడపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది, భార్య వద్దన్నంత మాత్రాన ఆగదు. హైదరాబాద్ నుంచి మేనమామ ఫోన్ చేసి కోడలికి సర్దిచెప్పబోవడం, ‘మూడో మనిషి ద్వారా సంప్రదింపు’ను నిషేధించిన చోట భర్త మెడకే చుట్టుకోవచ్చు. పెద్దమనుషుల పంచాయితీ అక్కడ సాయం కాదు, సాక్ష్యం.

పైగా 1996 నుంచి అక్కడి వలస చట్టంలో, హింసా బెదిరింపుల నుంచి కాపాడే ఉత్తర్వును ఉల్లంఘించడం దేశ బహిష్కారానికి కారణం. దానికి క్రిమినల్ శిక్ష పడనక్కర్లేదు, ఉల్లంఘించాడని కోర్టు నిర్ధారిస్తే చాలు. హెచ్-1బి మీదున్నవాడికైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడికైనా ఇదే వర్తిస్తుంది.

ఇది మరీ కఠినమని అనిపించవచ్చు, కొంత నిజమే. ఆమె ఇష్టాన్ని కూడా పక్కన పెట్టే చట్టం ఆమెకు పూర్తిగా మేలు చేస్తుందని చెప్పలేం. మన చట్టం మధ్యేమార్గం పట్టింది. సెక్షన్ 25 ప్రకారం, రద్దు చేయమని బాధితురాలే అడిగేవరకూ రక్షణ ఉత్తర్వు అమల్లో ఉంటుంది. పరిస్థితులు మారాయని ఇద్దరిలో ఎవరు అడిగినా కోర్టు మార్చవచ్చు. పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేసి, ఆమె తిరిగి కాపురానికి వెళ్లినా, ఆ కాగితం దానంతటది చచ్చిపోదు. మళ్లీ చెయ్యెత్తితే కొత్త కేసు అక్కర్లేదు, పాత ఉత్తర్వే చాలు. ఈ సంగతి మన ఇళ్లల్లో ఆడపిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

7

ఈ స్తంభాన్ని నిలబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదాన్ని చదివితే చాలు.

దరఖాస్తు మీద మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వేయాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే చెప్పింది. వాయిదాలు ఎలా సాగుతున్నాయో ఇక్కడున్న లాయర్లకు తెలుసు. నోటీసు అందించాల్సిన ప్రొటెక్షన్ ఆఫీసర్ పదవిని ఆంధ్రప్రదేశ్‌లో ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టర్ల మీదే పెట్టారు. అంగన్‌వాడీల భారమంతా మోస్తున్నవాళ్ల మీదే ఇదీ పడింది. జిల్లాల్లో, తాలూకాల్లో ప్రొటెక్షన్ ఆఫీసర్లను గుర్తించి నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆరు వారాల గడువిచ్చింది. చట్టం అమల్లోకి వచ్చిన పద్దెనిమిదేళ్లకు కూడా ఆ మాట చెప్పవలసి వచ్చింది.

పోలీసు అధికారులు ఎవరైనా ఈ సభలో ఉంటే వారికి ఒక మాట. కాగ్నిజబుల్ నేరం జరిగిందని తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి అన్నది 2013 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు. దాంపత్య వివాదాల్లో ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని అదే తీర్పు వెసులుబాటు ఇచ్చింది. కానీ ఉత్తర్వు ఉల్లంఘన మామూలు దాంపత్య వివాదం కాదు. ఆ వివాదాన్ని ఒక మేజిస్ట్రేట్ అప్పటికే విని ఆజ్ఞ ఇచ్చాడు. మళ్లీ కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టడానికి అక్కడ మిగిలిందేమీ లేదు. శిక్ష ఏడాదే కాబట్టి వెంటనే అరెస్టు చేయాలని కాదు, నోటీసుతో మొదలుపెట్టవచ్చు. కేసు మాత్రం కట్టాలి.

న్యాయవాద మిత్రులకు ఇంకో విన్నపం. తర్వాత వేసే డి.వి.సి. దరఖాస్తులో సెక్షన్ 18 జాబితాలోని ప్రతి అంశాన్ని మీ కక్షిదారు జీవితంతో నింపి విడివిడిగా అడగండి. స్కూలు పేరు, ఆఫీసు చిరునామా, లాకరున్న బ్యాంకు, అతను కాల్ చేసే నంబర్లు రాయండి. ఉత్తర్వు వచ్చాక, దాని ప్రతిని పార్టీలతోపాటు స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కూడా ఉచితంగా పంపించే బాధ్యత సెక్షన్ 24 కింద కోర్టుదే. అది స్టేషన్‌కు చేరిందో లేదో కనుక్కోండి, చేరకపోతే మెమో వేయండి. ప్రతి అందిన తేదీని ఆమెకు రాసివ్వండి.